చరిత్ర ఆధారాలు చదవడం – పాఠం 4: ఆ రోజు సైన్యం ఎక్కడుంది?

ఈ పాఠంలో ఈజిప్టు మమ్లూకులు మంగోలులను ఎలా నిలవరించారో మొదలుపెట్టాల్సింది. దాన్ని వెనక్కి జరుపుతున్నాను. ఢిల్లీ మీద మంగోలుల దాడుల గురించి పోయినసారి ఇచ్చిన పట్టికలో 1303 దగ్గర మీలో చాలామంది "అలావుద్దీన్ ఖల్జీ మంగోలులను ఓడించాడు" అని రాశారు. ఆ ఒక్క గడి తప్పితే దాని కింద గడులన్నీ తప్పుతాయి.

1303లో మంగోలులతో చెప్పుకోదగ్గ యుద్ధమే జరగలేదు. మధ్య ఆసియాలోని చగతాయ్ రాజ్యం నుంచి తరఘాయ్ అనే సేనాని వచ్చి ఢిల్లీ బయట దిగాడు. ఢిల్లీ సుల్తాను అలావుద్దీన్ నగరం పక్కనున్న సీరీ మైదానంలో చుట్టూ కందకం తవ్వించుకుని దాని వెనకాల ఉండిపోయాడు. దాదాపు రెండు నెలల తర్వాత మంగోలులు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయారు. శత్రువు వెళ్ళిపోయాడు కాబట్టి సుల్తాను గెలిచాడని మీరు లెక్కకట్టేశారు. ఆధారంలో ఆ మాట లేదు. ఢిల్లీ సుల్తానుల చరిత్ర రాసిన జియావుద్దీన్ బరనీ ఏం రాశాడంటే, మంగోలు రౌతులు నగరంలో సుల్తాన్ చెరువు గట్టు దాకా వచ్చి అక్కడే కూర్చుని మద్యం తాగారు. సర్కారు గిడ్డంగుల్లోంచి ధాన్యం తీసి చవగ్గా అమ్మారు. ఓడిపోయి పారిపోయేవాళ్ళు చేసే పనులు కావివి. ఢిల్లీ బతికి బయటపడటం ఆ కాలపు వింతల్లో ఒకటని బరనీయే అంటాడు.

అందుకే దాడి గురించి చదివిన ప్రతిసారీ "ఎవరు గెలిచారు" కన్నా ముందు "ఆ రోజు సుల్తాను సైన్యం ఎక్కడుంది" అని అడగండి. 1303కి జవాబు మనకు బాగా దగ్గరిది. సైన్యంలో ఒక భాగం చిత్తోడ్ ముట్టడికి వెళ్ళింది. ఇంకో భాగాన్ని బెంగాల్ వైపు దారిలో కాకతీయ ప్రతాపరుద్రుడి ఓరుగల్లు మీదికి పంపారు. అది వానల్లో చిక్కుకుని, మనుషుల్నీ సామగ్రినీ పోగొట్టుకుని, ఏమీ సాధించకుండా తిరిగొచ్చింది. చిత్తోడ్ నుంచి వచ్చిన దళాలకు గుర్రాలూ ఆయుధాలూ సరిచూసుకునే వ్యవధి దొరకలేదు. యమునా రేవులు మంగోలుల చేతిలో ఉండటంతో తూర్పు నుంచి రావలసిన దళాలు కోల్ (ఇప్పటి అలీగఢ్), బరన్ (ఇప్పటి బులంద్‌షహర్) దగ్గరే ఆగిపోయాయి. ఓరుగల్లు దండయాత్రనూ ఢిల్లీ ముట్టడినీ మన పుస్తకాల్లో వేరువేరు అధ్యాయాల్లో చదువుతాం. రెండింటినీ ఒకే కాగితం మీద పెడితే తప్ప 1303 అర్థం కాదు. నేనైతే పెన్సిల్‌తో పెద్ద కాగితం మీదే గీస్తాను. ఫోన్ స్క్రీన్ మీద రెండు సంఘటనలు పక్కపక్కన కనపడవు.

ఇలా పక్కపక్కన పెట్టేటప్పుడే తేదీల దగ్గర దెబ్బ తింటున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే తప్పు, కాస్త ఓపిగ్గా చదవండి. చిత్తోడ్ లొంగింది హిజ్రీ 703 ముహర్రం 11న అని అమీర్ ఖుస్రో రాశాడు. హిజ్రీ శకం క్రీ.శ. 622లో మొదలైంది కదా అని 703కి 622 కలిపి 1325 అని వేసుకున్నవాళ్ళు ఉన్నారు. అలావుద్దీన్ 1316లోనే చనిపోయాడు, 1325లో చిత్తోడ్ ఎలా పట్టుకుంటాడు? హిజ్రీ సంవత్సరం చాంద్రమానం, దాదాపు 354 రోజులు. మనలా అధిక మాసం వేసి సర్దుకోరు. కాబట్టి ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 33 హిజ్రీ సంవత్సరాలు గడిస్తే మనకు 32 ఏళ్ళే అవుతాయి. హిజ్రీ అంకెను 97తో గుణించి, 100తో భాగించి, అప్పుడు 622 కలపండి. 703కి 681.91 వస్తుంది, కలిపితే 1303.91. ఇది ఉజ్జాయింపు మాత్రమే. హిజ్రీ 703 నిజానికి 1303 ఆగస్టు మధ్యలో మొదలై 1304 ఆగస్టు తొలి రోజుల దాకా నడిచింది. ముహర్రం మొదటి నెల కాబట్టి 11వ రోజు ఆగస్టు చివర్లో పడింది. నెల ఇవ్వకుండా "703" అని మాత్రమే ఉంటే పట్టికలో 1303-04 అని రాయండి. ఒక్క ఏడే రాసి ఊరుకోకండి. 758, 698 కూడా ఇలాగే వేసి చూడండి, చేయి అలవాటుపడుతుంది.

తేదీలకు ఖుస్రో, కారణాలకు బరనీ అన్నది నా పద్ధతి. ఇద్దరితోనూ జాగ్రత్త. ఖుస్రో కొలువు కవి. అలావుద్దీన్ విజయాల మీద రాసిన ఖజాయిన్-ఉల్-ఫుతూహ్‌లో ఢిల్లీ ముట్టడి ఊసే ఎత్తలేదు. ఆ మౌనాన్నీ ఆధారంగానే రాసుకోండి. బరనీ రాసింది 1357లో, ముట్టడి జరిగిన యాభై ఏళ్ళకు పైగా అయ్యాక.

ఢిల్లీ సుల్తానేటు అసలు ప్రతిఘటన ముట్టడి తర్వాతే మొదలైంది. సీరీకి గోడలు లేచాయి. మంగోలులు వచ్చే దారిలోని కోటలను బాగుచేసి, ధాన్యమూ గడ్డీ నింపారు. పంజాబ్ వైపు సమానా, దీపాల్‌పూర్‌లలో దళాలను నిలిపారు. గుర్రాలకు ముద్ర వేయించారు. రౌతుకు ఏడాదికి 234 వెండి టంకాల జీతం. ఆ జీతంతో బతకాలంటే ధరలు పెరగకూడదు, అందుకే గోధుమలు మణుగు ఏడున్నర జీతల్‌లకు (జీతల్ అంటే టంకా కన్నా చిన్న నాణెం) కట్టడి చేశారని బరనీ వివరణ. 1305లో అమ్రోహా దగ్గర మంగోలులు నిజంగానే ఓడిపోయారు. ఆ గడిలో "ఓడించాడు" అని ధైర్యంగా రాయండి.

అభ్యాసం: 1299 కీలీ యుద్ధం. అలావుద్దీన్ సేనాని జఫర్ ఖాన్ మంగోలులను తరుముతూ చాలా దూరం వెళ్ళి, అక్కడ చుట్టుముట్టబడి చనిపోయాడు. అయినా మంగోలులు వెనక్కి మళ్ళారు. కాగితాన్ని మూడు వరసలుగా గీయండి: జఫర్ ఖాన్ దళం, అలావుద్దీన్ ప్రధాన సైన్యం, మంగోలు నాయకుడు కుత్లుగ్ ఖ్వాజా సైన్యం. యుద్ధానికి ముందు, మధ్యలో, తర్వాత ఒక్కొక్కటి ఎక్కడుందో నింపండి. మంగోలులు ఎందుకు మళ్ళారన్నదానికి కనీసం రెండు కారణాలు రాసి, ఒక్కోదానికి ఏ ఆధారం ఉందో పక్కన రాయండి. ఆధారం దొరకని కారణాన్ని కొట్టేయండి. "ఎవరు గెలిచారు" అనే గడి ఈసారి పెట్టొద్దు.