పని చోట లైంగిక వేధింపులపై ఫిర్యాదు రాసేటప్పుడు

1992లో రాజస్థాన్‌లో భన్వరీ దేవిపై జరిగిన అత్యాచారం తర్వాత మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకెళ్లి 1997లో పని చోట లైంగిక వేధింపులను అడ్డుకునే విశాఖ మార్గదర్శకాలు సాధించాయి. ఈ వేధింపులపై 2013లో వచ్చిన చట్టం వాటి ఫలమే.

ముందు గడువు చూసుకోండి: చివరి ఘటన జరిగిన 3 నెలల్లోగా, ఇలాంటి ఫిర్యాదులు విచారించే మీ సంస్థలోని అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆలస్యమైతే కారణం రాయండి, కమిటీ మరో 3 నెలల దాకా పొడిగించవచ్చు.

తేదీ, చోటు, వేధించిన వ్యక్తి అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. "అసభ్యంగా ప్రవర్తించాడు" అని వదిలేస్తే విచారణలో నిలబడటం కష్టం. సాక్షుల పేర్లు, చిరునామాలు, మెసేజ్‌ల ప్రింట్లు జతచేసి 6 ప్రతులివ్వండి. మీ దగ్గరుంచుకునే ఏడో ప్రతిపై అందినట్టు సంతకం తప్పక తీసుకోండి.

పదిమంది కన్నా తక్కువున్న చోట, లేదా యజమానే వేధిస్తే, జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వాలి. ఇళ్లలో పనిచేసేవాళ్లకూ అదే దారి. రాజీ మీరు అడిగితేనే, అదీ డబ్బుతో కుదరదు.