పెళ్ళి పట్టుచీరను ఏళ్ళ తరబడి చెడకుండా దాచుకోవడం ఎలా?

అనంతపురంలో పెళ్ళి కుదిరిందంటే చీరలకు ధర్మవరం వెళ్ళాల్సిందే. 2022లో ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళినా మన దారి మాత్రం మారలేదు. షాపు షాపు తిరిగి, అంచూ కొంగూ పదిసార్లు చూసి కొన్న చీరను పెళ్ళయ్యాక ఏదో కవర్లో పెట్టి బీరువాలో పడేస్తాం. కొన్నేళ్ళకు తీసి చూస్తే జరీ నల్లబడి, మడతల దగ్గర పట్టు చీలిపోయి ఉంటుంది. అంత ఇష్టపడి కొన్నది అలా అయిపోతే ప్రాణం ఉసూరుమంటుంది. పట్టుచీర కట్టుకుంటే పాడయ్యేదానికంటే చెమట, మరకలతో మూటగట్టి పెట్టడం వల్లే ఎక్కువ పాడవుతుంది. అందుకే పెళ్ళయిన వారంలోపు చేసే పనులే అన్నిటికన్నా ముఖ్యం.

చీర విప్పగానే

ముందు పిన్నులన్నీ వెతికి తీయండి. ఒక్కటి కుచ్చిళ్ళలో ఉండిపోయినా తుప్పు మరక పడుతుంది, అది ఒక పట్టాన వదలదు. తర్వాత కొంగుముడి. అందులో వక్క, పసుపుకొమ్ము, నాణేలు ఉంటాయి. పెద్దవాళ్ళు విప్పమన్న రోజే విప్పేయండి. ముడి బిగుసుకుపోతే గోళ్ళతో లాగకుండా వేళ్ళతో కొద్దికొద్దిగా వదులు చేయండి. నలిగిన చోట అరచేత్తో సవరిస్తే చాలు, ఇస్త్రీ పెట్టొద్దు.

తలంబ్రాల బియ్యం ఫాల్ కుట్టు సందుల్లో ఇరుక్కుంటుంది. చీర అడుగు అంచు అంతా వేళ్ళతో తడిమి తీసేయండి, లేకపోతే పురుగులను పిలిచి పీట వేసినట్టే. ఆ తర్వాత దండెం మీద శుభ్రమైన పంచె పరిచి, చీరను దానిమీద వేసి, ఫ్యాన్ కింద రాత్రంతా ఆరనివ్వండి. మేడ మీద ఎండలో వేస్తే రంగు వెలుస్తుంది. పైగా ఆషాఢం గాలి మొదలైందంటే ఊళ్ళో దుమ్మంతా దానిమీదే.

మరకల సంగతి

పొడి పసుపును మెత్తటి బ్రష్‌తో దులిపేయొచ్చు. తడి పసుపు అంటితే మాత్రం సబ్బు జోలికి పోకండి. సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. కుంకుమ చేసేది కూడా పసుపులో సున్నం కలిపే కదా. నిమ్మరసం పూస్తే మళ్ళీ పసుపురంగుకు వస్తుంది గానీ ఆ పులుపు జరీకి పడదు. నెయ్యి, నూనె పడ్డచోట టాల్కం పౌడర్ చల్లి, అది జిడ్డు పీల్చుకున్నాక మెల్లగా దులపండి.

అందరూ వదిలేసేది జీలకర్ర బెల్లం. తలమీంచి భుజం మీదికి జారిన బెల్లం నీరు ఆరితే కనపడదు. కొబ్బరినీళ్ళు, కూల్‌డ్రింక్ చుక్కలదీ అదే కథ. డ్రైక్లీనింగ్‌లో వాడే ద్రావకానికి జిడ్డు కరుగుతుంది, తీపి కరగదు. శుభ్రంగా తిరిగొచ్చిన చీర మీద నెలల తర్వాత గోధుమరంగు మచ్చలు తేలేది ఇందుకే. కాబట్టి ఏ చోట ఏం పడిందో ఫోన్‌లో ఫోటో తీసుకుని, డ్రైక్లీనింగ్ అతనికి చూపించి మరీ చెప్పండి. రోల్ పాలిష్ వద్దు, గంజి అసలే వద్దు అని కూడా చెప్పండి. గంజి పెట్టిన బట్టను వెండిచేపలనే చిన్న పురుగులు కొరుక్కుతింటాయి.

బీరువాలో పెట్టేముందు

డ్రైక్లీనింగ్ నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవర్, స్టేపుల్ పిన్నులు, చీటీలు తీసేసి, మందు వాసన పోయేదాకా చీరను గాలికి ఉంచండి. చుట్టడానికి బాగా ఉతికిన, గంజి లేని తెల్ల నూలు పంచె ముక్కకు మించింది లేదు. ప్లాస్టిక్ తేమను లోపలే బంధిస్తుంది, న్యూస్‌పేపర్ సిరా అంటుకుంటుంది.

అసలైన జరీ అంటే పట్టుదారం మీద సన్నటి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. వెండికి గంధకం తగిలితే నలుపెక్కుతుంది. రబ్బర్ బ్యాండ్‌లో ఉండేది ఆ గంధకమే, కాబట్టి కట్టాలనుకుంటే నూలు నాడా కట్టండి. మడత పెట్టేటప్పుడు జరీ మీద జరీ రాసుకోకుండా మధ్యలో పల్చటి నూలు గుడ్డ పరవండి. హ్యాంగర్‌కు వేలాడదీస్తే జరీ బరువుకు పట్టు సాగిపోతుంది. చీరల దొంతరలో దీన్ని అన్నిటికన్నా పైన పెట్టండి.

అటక మీద ట్రంకుపెట్టెలో మాత్రం దాచకండి. మన ఎండాకాలంలో స్లాబు కింద ఎంత వేడో తెలిసిందే.

నాఫ్తలీన్ ఉండలు వేస్తే గుడ్డలో మూటగట్టి, చీరకు తగలకుండా పై అరలో పెట్టండి. ఇంకో జాగ్రత్త ఉంది. జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లలకు ఆ వాసన తగిలితే ఎర్ర రక్తకణాలు చితికిపోయి, కామెర్లు వచ్చే ప్రమాదం ఉంది. ఆ లోపం పైకి కనపడదు. బారసాలకు ఈ చీర కట్టి బిడ్డను ఎత్తుకోవాలనుకునే ఇంట్లో అసలు నాఫ్తలీన్ వాడకపోవడమే మంచిది. ఎండు వేపాకు, లవంగాలు మూటగట్టి పెట్టుకోవచ్చు. వాటి పనితనం తక్కువే, కాబట్టి చీరను తరచూ తీసి చూస్తుండాలి.

తర్వాత

సంక్రాంతి, ఉగాది, వరలక్ష్మీ వ్రతం, దీపావళి. ఈ నాలుగు పండగలకూ చీర బయటికి తీసి, గాలికి ఆరేసి, మడత మార్చండి. పాత గీత మీదే మళ్ళీ మడవకుండా నాలుగు వేళ్ళంత జరపండి. వ్రతానికి కట్టుకుంటే మరీ మంచిది, చెమట ఆరాకే లోపల పెట్టండి.

మగ్గం వర్క్ బ్లౌజ్‌ను చీరతో కలిపి చుట్టకండి, రాళ్ళూ పూసలూ పట్టుకు తగులుకుని పోగులు లేస్తాయి. దాన్ని లోపలివైపు బయటికి తిప్పి, విడిగా గుడ్డలో పెట్టండి. మధుపర్కాలు నూలువైతే పని సులువు, అంచు రంగు కారకుండా విడిగా చల్లనీళ్ళలో ఉతికి, గంజి పెట్టకుండా ఆరేసి దాచుకోవచ్చు.

ఎప్పుడైనా మడత దగ్గర చీలిక కనిపిస్తే సూదీ దారం అందుకోకండి, సెల్లోటేపు అసలే అంటించకండి. చీరను వదులుగా చుట్టి రఫూ పని తెలిసినవాళ్ళకు చూపించండి. చిన్న చీలికగా ఉన్నప్పుడే తీసుకెళ్తే అతుకు పెద్దగా కనపడకుండా సరిచేస్తారు.