అతివేగం చలాన్ వచ్చినప్పుడు ఏం చేయాలి? బీమాపై దాని ప్రభావం ఎంత?

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై కారు వేగం వంద దాటిన సంగతి నడిపేవారికి చాలాసార్లు తెలియదు. కొన్నాళ్లకు ఫోన్‌కు వచ్చే సందేశం చూశాకే తెలుస్తుంది. ఆ జరిమానా నిజానికి పెద్దది కాదు. దాన్ని పట్టించుకోకుండా వదిలేయడం వల్ల వచ్చే చిక్కులే పెద్దవి, అందులోనూ బీమాకు సంబంధించినవి ప్రమాదం జరిగిన తర్వాతే బయటపడతాయి.

ముందు చలాన్ నిజమైనదో కాదో చూసుకోండి

చలాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే లింకును నొక్కకూడదు. ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలు పంపి ఇన్‌స్టాల్ చేసుకోమంటే అది మోసమేనని నిశ్చయించుకోవచ్చు. కేంద్ర రవాణా శాఖకు చెందిన పరివాహన్ ఈ-చలాన్ వెబ్‌సైటును మీరే తెరిచి, వాహనం నంబరుతో పాటు ఛాసిస్ లేదా ఇంజిన్ నంబరులోని చివరి అంకెలు నమోదు చేస్తే బకాయిలు కనిపిస్తాయి. ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు వెళ్లి వచ్చేవారు ఒడిశా పోలీసులు వేసిన చలాన్లు కూడా ఉన్నాయేమో అక్కడే చూసుకోవాలి. సందేశం రాలేదు కాబట్టి చలాన్ లేదని అనుకోవడం పొరపాటు, ఎందుకంటే ఆర్‌సీలో (బండి రిజిస్ట్రేషన్ పత్రంలో) ఏ ఫోన్ నంబరు ఉంటే సందేశం దానికే వెళ్తుంది. పాత నంబరు ఉంటే వెంటనే మార్పించుకోవడం మంచిది.

తర్వాత ఫొటోను, వివరాలను నిదానంగా చదవండి

స్థలం, సమయం, నమోదైన వేగం, అక్కడి పరిమితి, నంబరు ప్లేటు, ఈ ఐదింటినీ సరిచూసుకోవాలి. కేంద్రం 2018 ఏప్రిల్‌లో ప్రకటించిన గరిష్ఠ పరిమితుల ప్రకారం, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డుపై కారుకు గంటకు 100 కిలోమీటర్లు, మోటారు సైకిలుకు 80 కిలోమీటర్లు. పురపాలక పరిధిలోనైతే కారుకు 70, మోటారు సైకిలుకు 60. అయితే ఇవి పైహద్దులు మాత్రమే. రణస్థలం, చిలకపాలెం వంటి కూడళ్ల దగ్గర అంతకంటే తక్కువ వేగం సూచించే బోర్డు ఉంటే, ఆ బోర్డు మీది అంకెనే పాటించాలి. నాథవలస దగ్గర హైవే దిగి విజయనగరం, సాలూరు వైపు 26వ నంబరు రహదారి పట్టినవారు కూడా అంతవరకూ వచ్చిన వేగాన్నే కొనసాగించకూడదు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత వాహనాలకు వరుసగా ఏపీ 30, ఏపీ 35 నంబర్లు ఉంటాయి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 శ్రేణి వచ్చింది. ప్లేటు మీద బురద ఉన్నా, అంకెలు వంకరగా రాయించినా ఒకరి చలాన్ మరొకరికి పడే అవకాశం ఉంది. ఫొటోలోని బండి మీది కాకపోతే, అదే వెబ్‌సైటులోని ఫిర్యాదు విభాగంలో మీ బండి ఫొటో, ఆర్‌సీ జతచేసి అభ్యంతరం నమోదు చేయాలి.

నడిపింది ఎవరో తేల్చండి

యజమాని హైదరాబాదులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తుంటే, ఊళ్లో బండిని తమ్ముడో బావమరిదో వాడుకోవడం మన దగ్గర మామూలే. చలాన్ మాత్రం యజమాని పేరు మీదే వస్తుంది. పోలీసులు అడిగితే నడిపినవారి పేరు, లైసెన్సు వివరాలు ఇవ్వాల్సిన బాధ్యత మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం యజమానిదే. మొహమాటపడి అందరి తప్పులూ తన ఖాతాలో వేసుకుంటే చివరికి ముప్పు వచ్చేది తన లైసెన్సుకే. బండిని అమ్మేసి ఆర్‌సీ బదిలీ చేయించని వారి పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని చట్టం చెబుతోంది. కొన్నవారు కూడా అదే గడువులో బీమా కంపెనీకి తెలియజేసి పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి.

కట్టాలా, అభ్యంతరం చెప్పాలా?

2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం, 183వ సెక్షన్ కింద తేలికపాటి వాహనానికి వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు, మధ్యతరహా, భారీ వాహనాలకు రెండు వేల నుంచి నాలుగు వేల రూపాయల జరిమానా ఉంటుంది. మీరు కట్టాల్సిన మొత్తం చలాన్‌లోనే ఉంటుంది. ఫొటో, వేగం సరైనవే అయితే గడువులోగా కట్టేయడమే తెలివైన పని. వెయ్యి రూపాయల కోసం కోర్టు చుట్టూ తిరిగితే పోయే పనిదినాల విలువ అంతకంటే ఎక్కువ. కట్టాక రసీదు దాచుకుని, కొద్ది రోజుల తర్వాత వెబ్‌సైటులో బకాయి తొలగిందో లేదో మళ్లీ చూసుకోవాలి.

నిజంగా అభ్యంతరం ఉంటే మాత్రం కోర్టులో చెప్పుకునే హక్కు మీకుంది. ఒక సాక్షి కంటి అంచనాను బట్టి మాత్రమే అతివేగం నేరాన్ని నిర్ధారించడానికి వీల్లేదని, ఆ అంచనాకు యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరం ఆధారంగా ఉండాలని అదే సెక్షన్ చెబుతోంది. కట్టకుండా, అభ్యంతరమూ చెప్పకుండా ఊరుకుంటే బండి అమ్మకం, ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) వంటి పనుల కోసం రవాణా కార్యాలయానికి వెళ్లినప్పుడు అక్కడ ఆగిపోవాల్సి వస్తుంది.

ఇక బీమా సంగతి

చలాన్ పడితే ప్రీమియం పెరుగుతుందా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. థర్డ్ పార్టీ ప్రీమియాన్ని, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే బీమా సొమ్మును, కంపెనీలు సొంతంగా నిర్ణయించవు, కేంద్ర ప్రభుత్వం ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో వెయ్యి సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, 1,500 సీసీ లోపు కారుకు 3,416 రూపాయలు ఉంది. ఆ లెక్కలో చలాన్లకు చోటు లేదు. సొంత బండికి జరిగే నష్టానికి వర్తించే భాగంలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది. అది పోయేది క్లెయిమ్ చేసినప్పుడు, లేదా పాలసీ ముగిశాక తొంభై రోజుల్లో పునరుద్ధరించనప్పుడు. చలాన్ వల్ల పోదు. ట్రాఫిక్ ఉల్లంఘనలకు పాయింట్లు వేసి ప్రీమియంతో ముడిపెట్టాలని బీమా నియంత్రణ సంస్థ నియమించిన బృందం 2021లో ఇచ్చిన నివేదికలో సూచించింది. అందుకే పునరుద్ధరణ పత్రాల్లో ఉల్లంఘనల గురించి ప్రశ్న ఉంటే దాచకుండా నిజమే రాయాలి. డ్రైవింగ్ తీరును బట్టి ప్రీమియం నిర్ణయించే పాలసీ తీసుకున్నవారికైతే వేగం నేరుగా ఖర్చుగా మారుతుంది.

అసలు ప్రమాదం లైసెన్సుతో వస్తుంది. అతివేగంతో రెండోసారి పట్టుబడితే లైసెన్సును స్వాధీనం చేసుకోవాలని 183వ సెక్షన్ నిర్దేశిస్తోంది, దాని వెనుక సస్పెన్షన్ కూడా రావచ్చు. సస్పెండైన లైసెన్సుతో బండి నడిపి ప్రమాదం చేస్తే కారు మరమ్మతుల క్లెయిమ్‌ను కంపెనీ తిరస్కరిస్తుంది. ఎదుటివారికి పరిహారం చెల్లించాల్సి వచ్చినా, ఆ సొమ్మును వాహన యజమాని నుంచి రాబట్టుకోవడానికి కోర్టులు కంపెనీకి అనుమతిస్తాయి. అప్పుడు తేడా వేలల్లో ఉండదు, లక్షల్లో ఉంటుంది.

మరో విషయమూ గమనించాలి. కర్ణాటకలో అతివేగంగా, నిర్లక్ష్యంగా కారు నడిపి, అది బోల్తా పడి మరణించిన వ్యక్తి కుటుంబానికి బీమా సంస్థ పరిహారం ఇవ్వనక్కరలేదన్న తీర్పును సుప్రీంకోర్టు 2025 జులైలో సమర్థించింది. ఇతరుల తప్పు లేని ప్రమాదంలో నడిపినవారి కుటుంబానికి ఆసరా అయ్యేది పదిహేను లక్షల రూపాయల యజమాని-డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా. ప్రీమియం తగ్గుతుందని దాన్ని వదులుకోవడం నా దృష్టిలో మంచి పొదుపు కాదు. దానికి కూడా చెల్లుబాటయ్యే లైసెన్సు తప్పనిసరి.

క్లెయిమ్‌ను అన్యాయంగా తిరస్కరించారని మీకు అనిపిస్తే, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా తెలియజేసి, అక్కడ న్యాయం జరగకపోతే బీమా ఫిర్యాదులను పరిష్కరించే అధికారి అయిన హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అందుకు రుసుము ఉండదు, న్యాయవాదిని పెట్టుకోవాల్సిన పనీ లేదు. తిరస్కరణ లేఖ, పాలసీ, లైసెన్సు, చలాన్ రసీదుల ప్రతులను ఫిర్యాదుకు జతచేయాలి.