ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) కొలతలు – 4వ పాఠం: అడాప్టర్‌ను ఎలా ఎంచుకోవాలి?

పోయిన పాఠంలో కేబుల్ సంగతి చూశాం. దాని చివర ఎస్‌ఎంఏ, పరికరం మీద ఎన్-టైప్ అనే వేరువేరు రకాల కనెక్టర్లు ఉన్నాయనుకోండి. రెండింటికీ పొత్తు కుదర్చడమే అడాప్టర్ పని. అయితే అది ఆకారాన్ని మారుస్తుందే తప్ప ఇంపెడెన్స్‌ను (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం, ఓమ్‌లలో కొలుస్తారు) మార్చదు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

50 ఓమ్‌ల లైను చివర 75 ఓమ్‌ల లోడ్ తగిలిస్తే 4 శాతం శక్తి వెనక్కి తిరుగుతుంది, వీఎస్‌డబ్ల్యూఆర్ (సిగ్నల్ ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే నిష్పత్తి, ఏమీ తిరగకపోతే 1) 1.5 అవుతుంది. మధ్యలో ఎంత ఖరీదైన అడాప్టర్ పెట్టినా ఈ లెక్క మారదు. రెండు వైపులా సరిపోవాలంటే 5.7 డీబీ (డెసిబెల్) నష్టాన్ని భరించి మ్యాచింగ్ ప్యాడ్ (రెండు ఇంపెడెన్స్‌లను సరిపుచ్చే రెసిస్టర్ల అమరిక) వాడాల్సిందే. బీఎన్‌సీ అనే కనెక్టర్‌లో 50, 75 ఓమ్‌ల రకాలు ఒకదానిలో ఒకటి చక్కగా దిగుతాయి కాబట్టి పొరపాటు కంటికి కనిపించదు. ఎన్-టైప్‌లో మాత్రం నష్టం జరిగిపోతుంది. 50 ఓమ్‌ల మేల్ పిన్ను లావుగా ఉంటుంది, 75 ఓమ్‌ల ఫిమేల్ రంధ్రం సన్నం. బలవంతంగా తిప్పితే లోపలి రేకులు విచ్చుకుపోతాయి.

తరువాత చూడవలసినది ఫ్రీక్వెన్సీ. మామూలు బీఎన్‌సీ సుమారు 4 గిగాహెర్ట్జ్ వరకు, ఎన్-టైప్ 11 వరకు, ఎస్‌ఎంఏ 18 వరకు పనికొస్తాయి. అడాప్టర్‌కు రెండు చివరలు ఉంటాయి కదా, తక్కువ హద్దు ఉన్న చివరే మొత్తానికీ హద్దు. ఎస్‌ఎంఏ, 3.5 మిల్లీమీటర్లు, 2.92 మిల్లీమీటర్ల కనెక్టర్లు పరస్పరం కలుస్తాయి. 2.4 మిల్లీమీటర్లది వీటితో కలవదు.

మేల్, ఫిమేల్ తేడాను మరలను చూసి కాదు, నడుమ పిన్ను ఉందా రంధ్రం ఉందా అని చూసి చెప్పాలి. వైఫై యాంటెన్నాల మీద కనిపించే ఆర్‌పీ-ఎస్‌ఎంఏలో మర మామూలే, నడిమి భాగం తారుమారు. ఒకసారి నేను రెండు రంధ్రాలను ఎదురెదురుగా బిగించి, సిగ్నల్ ఎందుకు రావడం లేదా అని అరగంట కేబుల్‌నే తిట్టుకున్నాను. పాపం, దాని తప్పేమీ లేదు.

ఒక్క అడాప్టర్‌తో పనయ్యేచోట రెండు గొలుసుకట్టుగా పెట్టకండి. ఒక్కోదాని వీఎస్‌డబ్ల్యూఆర్ 1.2 అయితే, రెండూ కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 1.44 దాకా చేరవచ్చు. పైగా ఆ పొడవంతా పరికరం కనెక్టర్‌కు వేలాడుతూ దాన్ని వంచుతుంది.

బిగించేటప్పుడు నట్టును మాత్రమే తిప్పాలి. అడాప్టర్ ఒళ్లు తిరిగితే లోపల పిన్ను అరుగుతుంది. ఇత్తడి ఎస్‌ఎంఏకు సుమారు 0.56 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. టార్క్ పాన ఉంటే మంచిది.

అభ్యాసం: కేబుల్ చివర ఎస్‌ఎంఏ మేల్, పరికరం మీద ఎన్-టైప్ ఫిమేల్. ఏ అడాప్టర్ కావాలి? 20 గిగాహెర్ట్జ్ దగ్గర కొలవాలంటే అదే జవాబు నిలుస్తుందా? రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో క్యాలిబ్రేషన్ (కొలతకు ముందు పరికరాన్ని సరిచూసుకోవడం) తరువాత అడాప్టర్ చేరిస్తే కొలత ఎలా మారుతుందో ఈ జోడీతోనే చూద్దాం.