క్లాసిక్ వార్‌క్రాఫ్ట్‌లో పాలడిన్‌గా తలపడడం ఎలా? బబుల్ ఎప్పుడు వేయాలి?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో పాలడిన్‌ను (పోరాడుతూ వైద్యమూ చేసుకోగల యోధుడిని) ఎంచుకుని తోటి ఆటగాళ్లతో తలపడే కొత్తవారు దాదాపు అందరూ ఒకే చోట బోల్తా పడుతున్నారు. ఏ దెబ్బా తగలకుండా కాసేపు కాపాడే, బబుల్ అని అందరూ పిలుచుకునే డివైన్ షీల్డ్‌ను కొందరు ప్రాణం కొడిగట్టాక నొక్కుతారు, మరికొందరు తొలి దెబ్బకే కంగారుపడి నొక్కేసి, నిజంగా అవసరమైన వేళకు చేతిలో ఏమీ లేకుండా నిలబడతారు. 2019లో క్లాసిక్ మొదలైన నాటి నుంచి నేను వేరే క్లాస్ (పాత్ర రకం) ముట్టుకోలేదు కనుక, 60వ లెవెల్‌కు చేరిన పాలడిన్‌ను ఎలా ఆడాలో ఇక్కడ వివరిస్తున్నాను.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రెండు చేతుల ఆయుధం కావాలి, అదీ నిదానంగా పడేది కావాలి. ఆయుధానికి అదనపు శక్తినిచ్చే సీల్ మంత్రాల్లో ఒకటైన సీల్ ఆఫ్ కమాండ్ ఇచ్చే అదనపు దెబ్బ ఆయుధపు దెబ్బను బట్టే ఉంటుంది కనుక, ఒక్కో వేటు ఎంత బరువుగా పడితే అంత లాభం. టాలెంట్ పాయింట్లు దాడికి పనికొచ్చే రిట్రిబ్యూషన్ శాఖలో పెట్టాలి. డాలు పట్టుకుని, వైద్యానికి పనికొచ్చే హోలీ టాలెంట్లతో ఆడేవారు తమను చంపడం ఎవరి తరమూ కాదంటారు; ఒంటరిగా దొరికితే ఎవరినీ చంపడం వారి తరమూ కాదు. సంచిలో హెవీ రూన్‌క్లాత్ బ్యాండేజీలు ఒక ఇరవై ఉంచుకోండి.

పోరు మొదలయ్యే ముందు బ్లెస్సింగ్ (దీవెన మంత్రం), సీల్ రెండూ వేసుకోవాలి. సీల్ 30 సెకన్లే ఉంటుంది, పైగా సీల్‌ను శత్రువు మీదకు వదిలే జడ్జిమెంట్ వేసిన మరుక్షణం ఖర్చయిపోతుంది. కాబట్టి జడ్జిమెంట్ వెంటనే మళ్లీ సీల్ వేయడం వేళ్లకు అలవాటు కావాలి. శత్రువు మేజ్ (మాంత్రికుడు) అయి ఫ్రాస్ట్ నోవా అనే మంచు మంత్రంతో కాళ్లు కట్టేస్తే, దానిని తొలగించే క్లెన్స్ సరిపోతుంది, కాళ్లు కట్టుబడకుండా చూసే బ్లెస్సింగ్ ఆఫ్ ఫ్రీడమ్‌ను శత్రువును వెంటాడే సమయానికి దాచుకోండి. ఒక పాలడిన్ ఒకరి మీద ఒక్క బ్లెస్సింగే ఉంచగలడు కనుక, ఫ్రీడమ్ వేస్తే అంతకుముందు వేసుకున్న, దెబ్బ బలం పెంచే మైట్ బ్లెస్సింగ్ పోతుందని మరవకండి. ఎదుట షామన్ అనే క్లాస్ వాడు ఉంటే, మన మీది మంత్రాలను తీసేసే పర్జ్‌తో ఆ ఫ్రీడమ్‌ను ఊడబెరుకుతాడు, అందుకు సిద్ధపడే ఉండాలి.

హ్యామర్ ఆఫ్ జస్టిస్ శత్రువును 6 సెకన్లు కదలనివ్వదు, మళ్లీ చేతికి రావడానికి నిమిషం పడుతుంది. స్టన్‌లో ఉన్నవాడి మీద జడ్జిమెంట్ ఆఫ్ కమాండ్ గట్టిగా పడుతుందని చాలామంది హ్యామర్‌ను ఆరంభంలోనే విసిరేస్తారు. శత్రువు చావడానికి సిద్ధంగా ఉంటే తప్ప అది వృథా. ఆ 6 సెకన్లలో 2.5 సెకన్ల చొప్పున రెండు హోలీ లైట్లు (మన హీల్ మంత్రం, అంటే ప్రాణం పెంచేది) పూర్తిగా పడతాయి, వాటిని ఆపగలవాడు అక్కడ ఎవడూ ఉండడు. హ్యామర్ అంటే నా దృష్టిలో చిన్న బబుల్.

ఇక అసలు బబుల్ దగ్గరకు వద్దాం. అది 12 సెకన్లు ఉంటుంది, మళ్లీ రావడానికి 5 నిమిషాలు పడుతుంది, అది ఉన్నంతసేపు మీ వేటుకూ వేటుకూ మధ్య వ్యవధి రెట్టింపవుతుంది. అంటే దానిలో ఉండి యుద్ధం చేయడం దండగ, అది వైద్యానికే. వైద్యానికి మనా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) కావాలి. అందరూ ప్రాణపు పట్టీనే చూస్తూ కూర్చుంటారు, చూడవలసింది దాని కింద ఉన్న నీలం పట్టీని. మూడు హోలీ లైట్లకు చాలినంత మనా ఉండగానే, ప్రాణం నలభై శాతానికి దిగగానే నొక్కాలి. పది శాతం దాకా ఆగితే ఒక్క క్రిట్‌తో (మామూలు కంటే గట్టిగా పడే దెబ్బతో) కథ ముగుస్తుంది. మనా అయిపోయాక నొక్కితే గాజు పెట్టెలో కూర్చుని చావు కోసం ఎదురుచూసినట్టే.

మనా అడుగంటిన స్థితిలోనే నొక్కవలసి వస్తే బ్యాండేజీ కట్టుకోండి. మామూలుగా ఒక్క దెబ్బ తగిలినా బ్యాండేజీ ఆగిపోతుంది, బబుల్‌లో ఆ భయం లేదు. 8 సెకన్లలో 2000 ప్రాణం తిరిగి వస్తుంది, మిగిలిన సమయంలో ఉన్న మనాతో ఒక హోలీ లైట్ వేసుకోవచ్చు. ఒకసారి కట్టుకుంటే నిమిషం దాకా మళ్లీ కట్టుకోలేరు కనుక అంతకుముందే దానిని వాడేయకండి.

బబుల్ వేసుకున్నాక ఫర్‌బేరెన్స్ అనే ముద్ర నిమిషం పాటు మీ మీద ఉంటుంది. ఆయుధపు దెబ్బల నుంచి కాపాడే బ్లెస్సింగ్ ఆఫ్ ప్రొటెక్షన్ వేసుకున్నా ఇదే ముద్ర పడుతుంది, అది ఉన్నంతసేపు బబుల్ పని చేయదు. అందువల్ల కంగారులో ప్రొటెక్షన్ మీద చేయి వేయకండి, పక్కనున్న పాలడిన్‌ను కూడా వేయవద్దని ముందే చెప్పి ఉంచండి. ఎదుటి జట్టు జెండాను ఎత్తుకొచ్చే యుద్ధరంగమైన వార్‌సాంగ్ గల్చ్‌లో నేను జెండా మోసుకుంటూ మా స్థావరపు సొరంగం దాకా వచ్చాక, నా మీద జాలిపడిన ఒక జట్టు సభ్యుడు నాకు ప్రొటెక్షన్ వేశాడు. ఆ బ్లెస్సింగ్ పడగానే జెండా చేజారుతుంది; జెండా నేల మీద, నేను నిమిషం దాకా బబుల్ లేకుండా దాని పక్కన. అతనికి అప్పుడు చాట్‌లో నేను రాసినది ఇక్కడ రాయడం బాగుండదు.

ప్రాణం నిండాక బబుల్ ఇంకా మిగిలి ఉండి, శత్రువు పారిపోతుంటే దాని గుర్తు మీద రైట్ క్లిక్ చేసి తీసేయండి, మీ వేటు మామూలు వేగానికి వస్తుంది.

బబుల్ తరువాతి నిమిషంలోనే శత్రువు మీ హీల్‌ను ఆపడానికి కాచుకుని ఉంటాడు. మన హీల్స్ అన్నీ హోలీ స్కూల్‌వే (ఒకే మంత్ర వర్గానివే) కనుక ఒక్కటి తెగితే అన్నీ మూతపడతాయి: రోగ్ అనే క్లాస్ వాడు కిక్‌తో 5 సెకన్లు, మేజ్ కౌంటర్‌స్పెల్‌తో 10 సెకన్లు. హోలీ లైట్ మొదలుపెట్టి, మంత్రం పట్టీ సగానికి చేరేలోపు ఒక అడుగు పక్కకు వేసి ఆపేయాలి. వాడు ఆత్రపడి కిక్ కొడితే అది గాలిలో కలుస్తుంది, అప్పుడు నిజమైనది వేయండి. మా ఇంటి నుంచి పింగ్ (సర్వర్ స్పందనకు పట్టే సమయం) 200 మిల్లీసెకన్లు దాటుతుంది కనుక నేను మరీ ముందుగానే కదులుతాను. దూరపు సర్వర్లలో ఆడే మనవాళ్లందరికీ ఇదే దారి.

బబుల్ 12 సెకన్లు, హర్త్‌స్టోన్ అనే రాయితో ఊరికి చేరడానికి 10 సెకన్లు కావడంతో ఓడిపోతున్న ప్రతి పాలడిన్‌కూ బబుల్‌లో ఉండి పారిపోదామనే ఆలోచన వస్తుంది. ఆ రాయిని యాక్షన్ బార్ మీద నుంచి తీసి సంచి అడుగున పడేయండి.