గోల్ఫ్ గ్రీన్ మీద నీళ్లు నిలుస్తుంటే ముందు కత్తి దించి చూడండి

వాన వెలిసి గంటైనా పుటింగ్ గ్రీన్ (గోల్ఫ్ మైదానంలో గుంత చుట్టూ గడ్డిని బాగా పొట్టిగా కత్తిరించి ఉంచే చోటు) మీద నీళ్లు ఇంకకపోతే యూరియా బస్తా తీయకండి. పాత వంటింటి కత్తితో అరజానెడు లోతు ముక్క కోసి చూడండి. పైన ఎండు వేళ్లు, కాడలు కలిసి గోధుమరంగు చాపలా అల్లుకుని ఉంటాయి. దాని కింద నల్లటి చార, కుళ్లిన గుడ్డు వాసన ఉన్నాయంటే వేళ్లకు గాలి అందడం లేదన్నమాట.

బోలు మేకుల యంత్రంతో మట్టి కడ్డీలు బయటికి లాగేసి, ఆ చిల్లుల్లో పొడి ఇసుక నింపాలి. అర అంగుళం లావు, మూడు అంగుళాల లోతు చాలు. విశాఖలో అయితే బెర్ముడా గడ్డి జోరుగా పెరిగే మే చివర్లోనో, జూన్ మొదట్లోనో కానిచ్చేయండి. అక్టోబరు తుఫాన్ల నాటికి చిల్లులు పూడిపోతాయి.

అందరూ బోల్తా పడేది ఇసుక దగ్గరే. బీచ్ ఎదురుగానే ఉంది కదా అని తెస్తే ఉప్పు, గవ్వల సున్నం కూడా వెంట వస్తాయి. పైగా అక్కడ తవ్వడానికి వీల్లేదు. కడిగిన నది ఇసుకే తీసుకోండి, గింజ ఎక్కువగా పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి. గాజు సీసాలో కాస్త వేసి, నీళ్లు పోసి గిలక్కొట్టండి. పది నిమిషాలైనా నీళ్లు ఎర్రగానే ఉంటే ఆ లోడు వెనక్కి పంపేయండి. మన ఎర్రమట్టి కలిసిందంటే చిల్లులు మళ్లీ సిమెంటులా బిగుస్తాయి.

గ్రీన్ కట్టినప్పుడు అడుగున ఏ ఇసుక వాడారో దాదాపు అదే వేయాలి, లేదంటే రెండు పొరల మధ్య నీళ్లు ఆగుతాయి. నింపేటప్పుడు కొబ్బరిపీచు చాప అటూ ఇటూ ఈడిస్తే సరి. తడి ఇసుక మాత్రం ఎంత ఈడ్చినా దిగదు.