ఇంట్లో ఫ్లూ జ్వరం వస్తే ఏం చేయాలి? మిగిలిపోయిన మాత్రలను ఏం చేయాలి?

మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ముదురుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానలు వెనకబట్టాక మరోసారి. మొదటి దఫా వచ్చే రోజుల్లోనే కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల జనం సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు పోతారు. ఒకే గుడారంలో అందరూ పడుకునే చోట ఒకరికి దగ్గు మొదలైతే అందరికీ పాకుతుంది. 2009లో ప్రపంచాన్ని చుట్టేసిన స్వైన్‌ఫ్లూ వైరస్ కూడా ఎక్కడికీ పోలేదు, సీజన్ జ్వరాల్లో ఒకటై మన మధ్యే ఉంది. జ్వరానికి అందరం భయపడతాం. జ్వరం తగ్గాక డబ్బాలో మిగిలిపోయే మాత్రల సంగతి మాత్రం ఎవరం పట్టించుకోం. వాటిలో అలవాటుపడిపోయే నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు కూడా ఉండొచ్చు, నాకు ఎక్కువ బెంగ వాటి గురించే.

1. జ్వరం ఏ స్థాయిలో ఉందో చూసుకోండి

కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు మాత్రమే ఉంటే పరీక్షలు అక్కర్లేదు. విశ్రాంతి, గంజి, మంచినీళ్లు, పారాసెటమాల్ చాలు. గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, 65 ఏళ్లు దాటినవాళ్లు, షుగర్, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు మాత్రం మొదటిరోజే డాక్టరుకు చూపించుకోవాలి. ఫ్లూ వైరస్‌కు డాక్టరు రాసే ఒసెల్టామివిర్ మందు జబ్బు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, కళ్లెలో రక్తం, గోళ్లు నీలంగా మారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. తెల్లారేదాకా ఆగొద్దు.

2. జబ్బు మనిషిని విడిగా పడుకోబెట్టండి

వేరే గది లేకపోతే కిటికీ పక్కన, కాస్త ఎడంగా. దగ్గరికి వెళ్లేవాళ్లు మాస్కు పెట్టుకోవాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

3. మెడికల్ షాపులో కలగాపులగంగా కొనకండి

"అన్నా, జ్వరానికి, దగ్గుకు, నొప్పులకు కలిపి ఇయ్యి" అని అడగడం మనకు అలవాటు. ఫ్లూ వైరస్ జబ్బు, యాంటీబయాటిక్‌తో తగ్గదు. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ ముందే ఉంటుంది, దానికి తోడు ఇంకో పారాసెటమాల్ వేసుకుంటే లివర్‌కు ముప్పు. కోడీన్ ఉన్న దగ్గు సిరప్ పన్నెండేళ్లలోపు పిల్లలకు అసలు పట్టొద్దు.

4. స్ట్రిప్ తిప్పి చూడండి

స్ట్రిప్ మీద ఎర్రటి అక్షరాల్లో ఆర్‌ఎక్స్ అని, ఎర్రగీతల పెట్టెలో హెచ్చరిక ఉంటే అది హెచ్‌1 షెడ్యూలు మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలోది. ట్రమడాల్ నొప్పి మాత్ర, ఆల్ప్రజోలామ్ నిద్రమాత్ర, కోడీన్ సిరప్ ఈ జాబితాలోవే. 2014 నుంచి వీటిని అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు షాపువాళ్లు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ట్రమడాల్‌ను 2018లో మత్తుపదార్థాల చట్టం కిందకే తెచ్చారు. చీటీ లేకుండా ఇస్తామన్నా తీసుకోకండి.

ఇలాంటి స్ట్రిప్ ఇంట్లో ఉంటే ఎన్ని మాత్రలున్నాయో బాల్‌పెన్నుతో దాని మీదే రాసి బీరువాలో పెట్టి తాళం వేయండి. ఫ్రిజ్ మీద, దేవుడి గూట్లో పెడితే కాలేజీ పిల్లల చేతికి అందుతాయి. పని అయిపోయాక మిగిలినవాటిని స్ట్రిప్‌లోంచి తీసి, వాడేసిన టీపొడిలో కలిపి, కవర్లో మూటకట్టి చెత్తబండిలో వేయండి. పక్కింటి వాళ్లకు నొప్పులని ఇవ్వొద్దు.

పొద్దస్తమానం నడుం వంచి మిరపకాయలు కోసేవాళ్లకు నొప్పి నిజం. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. కానీ "ఆ మాత్ర పడితేనే పని జరుగుతుంది" అన్న మాట ఇంట్లో వినిపిస్తుంటే అలవాటు పడుతున్నట్టే. మద్యం మీద ఈ మాత్రలు వేసుకుంటే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది.

5. అలవాటైపోతే

ఒక్కసారిగా మాన్పించకండి. రోజూ ఆల్ప్రజోలామ్ వాడే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావొచ్చు. తిట్టొద్దు, నలుగురిలో పెట్టొద్దు. మత్తు అలవాట్లకు 14446, మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416 ఉన్నాయి, డబ్బు కట్టాల్సిన పని లేదు. పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లేటప్పుడు వాడుతున్న స్ట్రిప్పులన్నీ, ఖాళీవి సహా, ఒక కవర్లో వేసుకుని పోండి. రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. డాక్టరు డోసు తగ్గించే లెక్క దాన్నిబట్టే ఉంటుంది.